అంతర్జాలంలో పిల్లల రక్షణ: చట్టం ఇచ్చిన మాట, మనం చెప్పవలసిన మాట

(చెన్నైలో తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో నగరపాలక సంస్థ అనువాదకురాలు చేసిన ప్రసంగ పాఠం)



నేను న్యాయవాదిని కాను, పోలీసు అధికారిని కాను. పన్ను నోటీసులు, టీకా ప్రకటనలు, వాన కాలపు హెచ్చరికలు తెలుగులోకి తెచ్చి మీకు అందించడం నా ఉద్యోగం. ఈ అంశంపై మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు సంకోచించాను. ఆలోచించగా ఒక సంగతి తోచింది. చట్టం గ్రంథంలో ఉన్నంత మాత్రాన అది మన గడప దాటి లోపలికి రాదు. మన ఇంటి భాషలోకి వచ్చినప్పుడే వస్తుంది. ఆ మేరకు ఇది నా పని కూడా అనుకొని మీ ముందు నిలబడ్డాను.

ముందుగా ఒక అనుభవం చెబుతాను. ఎవరినీ గుర్తుపట్టడానికి వీలు లేకుండా కొన్ని వివరాలు వదిలివేస్తున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం, కౌంటర్లు మూసే వేళకు, ఒక తల్లి తన కూతురి జనన ధ్రువపత్రం నకలు కోసం వచ్చింది. దరఖాస్తు తమిళంలో ఉంది. నింపిపెట్టమని అడిగింది. ఎందుకు కావాలో రాయవలసిన చోట నేను ఆగి, "బడికా అమ్మా?" అన్నాను. "బడికే. ఇక్కడి బడికి కాదు" అంది. పిల్లను నెల్లూరులో అమ్మమ్మ దగ్గర దింపి అక్కడి బడిలో చేర్చాలట. చదువుల ఏడాది సగంలో ఎందుకని అడిగితే చాలాసేపు మాట రాలేదు. తరువాత వచ్చింది.

అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఫోన్‌లో ఆట ఆడుతుండగా, తన ఈడు ఆడపిల్లనని చెప్పుకొని ఎవరో పరిచయమయ్యారు. రెండు నెలలు కబుర్లు నడిచాయి. తరువాత ఒక ఫొటో అడిగారు. ఆ తరువాత మరొక రకమైన ఫొటో. అది చేతికి చిక్కిన మరుక్షణం అటువైపు మాట మారింది. ఇంకా పంపకపోతే దీన్ని మీ నాన్నకూ, మీ బడి గ్రూపుకూ పంపుతానని బెదిరింపు. సంగతి తెలిసిన రాత్రే తల్లి ఫోన్‌లో ఉన్నదంతా చెరిపివేసింది, సిమ్ విరిచి పారవేసింది. పోలీసుల దగ్గరకు వెళ్లారా అని అడిగాను. "అది తనే పంపింది కదమ్మా! కేసంటే ముందు దాన్నే కదా నిలదీస్తారు?" అంది.

ఆమెకు నేనేం చెప్పానో మీకు దాచను. "ఇంట్లో మీ వారితో ఒకసారి మాట్లాడుకోండి, రేపు రండి" అని పంపివేశాను. మంచి సలహా ఇచ్చాననే అనుకున్నాను. రాత్రి కుదురు లేక ఆ చట్టం తెరిచి చదివాను. నేను చేసినది మంచి పని కాదని అప్పుడు తెలిసింది. ఆ రాత్రి నేను చదివినదే ఈ రోజు మీకు చెప్పబోతున్నాను.

లైంగిక నేరాల నుంచి బాలలను రక్షించే చట్టం 2012లో వచ్చింది. దీన్నే పోక్సో చట్టం అంటారు. పద్దెనిమిదేళ్లు నిండని ప్రతివారూ, ఆడపిల్ల అయినా మగపిల్లవాడైనా, ఈ చట్టం దృష్టిలో బాలలే. మగపిల్లలకు ఇటువంటివి జరగవనుకునే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. చట్టానికి ఆ భ్రమ లేదు. ఇక ముఖ్యమైన సంగతి. ఈ నేరాలలో బిడ్డ సమ్మతి అన్నది చెల్లదు. "తనే పంపింది కదా" అన్న మాట నేరస్థుడికి రక్షణ కాదు. నమ్మించి, భయపెట్టి తీసుకున్న ఫొటో విషయంలో ఆ బిడ్డను చట్టం బాధితురాలిగానే చూస్తుంది.

నేరం ఎక్కడ మొదలవుతుందని మనలను ఎవరైనా అడిగితే, ఫొటో బయటికి వచ్చినప్పుడని చెబుతాం. చట్టం అంతకంటే చాలా ముందే మేలుకుంటుంది. లైంగిక ఉద్దేశంతో ఒక బిడ్డను నేరుగా గానీ, ఫోన్ ద్వారా గానీ, మరే డిజిటల్ సాధనం ద్వారా గానీ పదేపదే వెంటాడడం, సంప్రదించడం పోక్సో 11వ సెక్షన్ కింద నేరం. బిడ్డ శరీరాన్ని చూపే చిత్రాన్ని బయటపెడతానని బెదిరించడం కూడా నేరమే. ఆ చిత్రం నిజమైనదా, కల్పించినదా అన్నదానితో పని లేదు. వీటికి మూడేళ్ల వరకు జైలు, జరిమానా. బిడ్డను అటువంటి చిత్రాలకు వాడుకుంటే 14వ సెక్షన్ కింద ఐదేళ్లకు తగ్గని జైలు, రెండోసారి అయితే ఏడేళ్లకు తగ్గని జైలు.

దీనికి తోడు సమాచార సాంకేతిక చట్టంలో 67బి సెక్షన్ ఉంది. 2008 సవరణతో చేరి, 2009 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చింది. ఇటువంటి చిత్రాలను పంపడమే కాదు, వెతకడం, చూడడం, దించుకోవడం, ప్రచారం చేయడం కూడా దీని కింద నేరాలు. లైంగిక ప్రయోజనం కోసం పిల్లలను ఆన్‌లైన్ స్నేహంలోకి లాగడం కూడా ఇందులో ఉంది. ఆ తల్లి చెప్పిన "రెండు నెలల కబుర్లు" ఇవే. మొదటిసారి ఐదేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఏడేళ్ల వరకు జైలు, పది లక్షల రూపాయల వరకు జరిమానా.

ఈ మధ్య మరొక భయం పుట్టింది. బడి వార్షికోత్సవపు ఫొటో తీసుకొని, ఆ ముఖాన్ని మరొక శరీరానికి అతికించి, యంత్రంతో బొమ్మ తయారు చేస్తున్నారు. "అది మా పిల్ల శరీరమే కాదు, కేసు ఎలా అవుతుంది?" అని ఒక తండ్రి నన్ను అడిగారు. 2019లో పోక్సో చట్టాన్ని సవరించినప్పుడే ఇందుకు చోటు కల్పించారు. నిజమైన బిడ్డకూ దానికీ తేడా తెలియనట్టుగా కంప్యూటర్ తయారుచేసిన బొమ్మలనూ, మార్చిన బొమ్మలనూ చట్టం తన నిర్వచనంలోకి తెచ్చింది.

ఇప్పుడు మన నగరంలోనే మొదలై దేశమంతటికీ దారి చూపిన ఒక కేసు గురించి చెబుతాను. 2020లో అంబత్తూరు మహిళా పోలీసు స్టేషన్‌లో ఒక కేసు నమోదయింది. అమెరికాలో తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే జాతీయ కేంద్రం ఒకటి ఉంది. అక్కడి కంపెనీలు తమ వేదికలపై ఇటువంటి చిత్రాలు కనబడితే ఆ కేంద్రానికి తెలపాలి. 2019లో మన జాతీయ నేర గణాంకాల సంస్థ ఆ కేంద్రంతో ఒప్పందం చేసుకున్నాక, మన దేశానికి సంబంధించిన సమాచారం ఢిల్లీకి, అక్కడి నుంచి రాష్ట్రాల పోలీసులకు వస్తోంది. ఆ దారినే అంబత్తూరుకు కబురు వచ్చింది. ఒక యువకుడి ఫోన్‌లో పిల్లల చిత్రాలు దొరికాయి. అతడు వాటిని ఎవరికీ పంపలేదు, ఏకాంతంలో చూశాడు, కనుక నేరం కాదని 2024 జనవరిలో మద్రాసు హైకోర్టు కేసు కొట్టివేసింది. జస్ట్ రైట్స్ ఫర్ చిల్డ్రన్ అలయన్స్ అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది.

2024 సెప్టెంబరు 23న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ జె.బి. పార్దీవాలాల ధర్మాసనం ఆ తీర్పును రద్దుచేసి, విచారణను పునరుద్ధరించింది. పోక్సో 15వ సెక్షన్ మూడు మెట్లుగా ఉంటుంది. పంచుకునే ఉద్దేశంతో దగ్గర ఉంచుకొని, చెరపకుండా, అధికారులకు తెలపకుండా ఉండడం ఒకటి. ఇతరులకు పంపడానికి, ప్రదర్శించడానికి ఉంచుకోవడం రెండవది. వ్యాపారం కోసం ఉంచుకోవడం మూడవది. అసలు పంపడం జరిగిందా లేదా అన్నదొక్కటే చూడరాదని, చెరపకుండా, తెలపకుండా ఉంచుకున్న తీరును బట్టి ఉద్దేశాన్ని గ్రహించవచ్చునని న్యాయస్థానం వివరించింది. తెలియక ఏదో లింకు నొక్కినవారు కూడా దాన్ని మూసివేసి ఊరుకోక అధికారులకు తెలియజేయాలన్నది.

ఆ తీర్పులో అనువాదకురాలిగా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఒక మాట గురించి చెప్పిన భాగం. "చైల్డ్ పోర్నోగ్రఫీ" అన్న మాటను ఇకపై న్యాయస్థానాలు తమ ఉత్తర్వులలో వాడరాదని, బాలలపై జరిగిన లైంగిక దోపిడీని, హింసను తెలిపే పదబంధాన్ని వాడాలని ధర్మాసనం ఆదేశించింది. చట్టంలోనే ఆ మార్పు తేవాలని పార్లమెంటుకు సూచించింది. ఇది కేవలం మాటల పట్టింపు కాదు. తెలుగులో మనం ఇంతకాలం "పిల్లల బూతు బొమ్మలు" అన్నాం, కొంచెం పెద్దమాటలో "అశ్లీల చిత్రాలు" అన్నాం. బూతు అనగానే సిగ్గు పుడుతుంది. ఆ సిగ్గు తీసినవాడి మీద గానీ, చూసినవాడి మీద గానీ పడదు, బొమ్మలో ఉన్న బిడ్డ మీద పడుతుంది. అక్కడ ఉన్నది బూతు కాదు, ఒక నేరం జరిగిన చోటు. అందుకే ఈ పుస్తకంలో ఆ మాట తీసివేసి "బాలల లైంగిక దోపిడీ చిత్రాలు" అని రాశాను. ఇంట్లో కూడా ఆ మాటే వాడండి. మాట మారితే, బిడ్డను మనం చూసే చూపు కొంత మారుతుంది.

ఇక్కడ మంచివాళ్లు చేసే ఒక తప్పు గురించి చెప్పాలి. ఎక్కడో ఒక బిడ్డపై జరిగిన దారుణం వీడియోగా వస్తుంది. "వీడు దొరికేవరకు అందరికీ పంపండి" అని కింద రాసి ఉంటుంది. కడుపు మండి మనం కూడా నాలుగు గ్రూపులకు పంపుతాం. మన ఉద్దేశం మంచిదే కావచ్చు. పంపిన ప్రతిసారీ ఆ బిడ్డ మరికొందరి కళ్ల ముందు పడుతుంది. చట్టం కూడా ఈ దారికి అనుమతి ఇవ్వలేదు. అధికారులకు తెలియజేయడానికి, న్యాయస్థానంలో సాక్ష్యంగా చూపడానికి తప్ప మరే పనికీ అటువంటి వీడియోను వాడరాదు. బంధువుల గ్రూపు న్యాయస్థానం కాదు.

ఇప్పుడు ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వని సెక్షన్ దగ్గరకు వస్తాను. అది పోక్సో 19వ సెక్షన్. ఇటువంటి నేరం జరిగిందని గానీ, జరగబోతోందని గానీ తెలిసిన ఎవరైనా స్థానిక పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో తెలియజేయాలి. వీలైతే తెలపండని లేదు, తెలపాలి అని ఉంది. తెలపకపోతే ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఈ శిక్ష బిడ్డకు వర్తించదు. మంచి మనసుతో తెలిపినవారిపై ఏ బాధ్యతా మోపరాదని కూడా అదే సెక్షన్ చెబుతోంది. "ఇంట్లో మాట్లాడుకొని రేపు రండి" అన్న నా సలహాకు అందులో ఎక్కడా చోటు లేదు.

అదే సెక్షన్‌లో మరొక వాక్యం ఉంది. బిడ్డ చెప్పినది సరళమైన భాషలో, తనకు అర్థమయ్యేలా రాయాలి. రాస్తున్న భాష బిడ్డకు అర్థం కాకపోతే అనువాదకుణ్ణి ఏర్పాటు చేయాలి. వాంగ్మూలం నమోదు చేసేటప్పుడూ, న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పేటప్పుడూ ఇదే హక్కు 26, 38 సెక్షన్లలో మళ్లీ కనిపిస్తుంది. 2020 నాటి నియమాల ప్రకారం ప్రతి జిల్లాలోనూ బాలల సంరక్షణ విభాగం అనువాదకుల జాబితా ఉంచాలి. మన పిల్లలు బడిలో తమిళం చదువుతారు, స్నేహితులతో ఇంగ్లీషు కలిపి మాట్లాడతారు. భయం కలిగినప్పుడు మాత్రం నోట వచ్చేది అమ్మతో మాట్లాడే భాషే. ఆ భాషలో చెప్పుకునే హక్కును చట్టం బిడ్డకు ఇచ్చింది. ఎవరినీ బతిమాలనక్కరలేదు. "మా పిల్ల తెలుగులో చెబుతుంది, అనువాదకులను పిలిపించండి" అని అడగండి.

బిడ్డను పోలీసు స్టేషన్‌లో కూర్చోబెట్టి ప్రశ్నిస్తారన్న భయం మనకు ఉంది. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటనో తీసుకోవాలి. వీలైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. ఆమె యూనిఫాంలో ఉండరాదు. తల్లిదండ్రులో, బిడ్డ నమ్మిన మరొకరో పక్కన ఉండాలి. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచరాదు. న్యాయస్థానంలో విచారణ తలుపులు మూసి జరుగుతుంది. సాక్ష్యం చెప్పే వేళ నిందితుడు బిడ్డ కంట పడకుండా చూడాలి. బిడ్డ పేరు, బడి, చిరునామా ఏ పత్రికలోనూ రాకూడదు.

"మేము ఇక్కడివాళ్లం కాము, ఆ మనిషి ఏ ఊరివాడో తెలియదు" అని కొందరు వెనుకాడతారు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎఫ్‌ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి.

చేతిలో ఫోన్ పట్టుకొని నిలబడ్డ క్షణంలో ఏమి చేయాలో కూడా చెబుతాను. ఏదీ చెరపవద్దు. బెదిరింపు మాటలు, ఆ ఖాతా పేరు, ఫోన్ నంబరు, తేదీ, సమయం, డబ్బు పంపి ఉంటే ఆ రసీదు, ఇవన్నీ సాక్ష్యాలు. బిడ్డ చిత్రాన్ని సలహా కోసమైనా ఎవరికీ పంపవద్దు. ఫోన్‌నే పట్టుకెళ్లి అధికారికి చూపండి. బెదిరించేవాడికి డబ్బు ఇవ్వవద్దు, ఇంకొక ఫొటో అసలే పంపనివ్వవద్దు. ఇస్తే వదులుతాడనుకోవడం ఆశ. అడిగినది దొరికే చోట వాడు మళ్లీ అడుగుతాడు. పిల్లల సహాయ కేంద్రం నంబరు 1098. అత్యవసరమైతే 112. సైబర్ నేరాలకు 1930. సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్ అనే జాతీయ పోర్టల్‌లో పిల్లల మీద నేరాల గురించి పేరు చెప్పకుండా కూడా తెలియజేయవచ్చు. ఇందాక చెప్పిన అమెరికా కేంద్రమే "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ నడుపుతోంది. ఫొటోను ఎవరికీ పంపకుండానే దాని డిజిటల్ గుర్తును తీసుకొని, ఆ సేవలో చేరిన వేదికలపై ఆ ఫొటో కనబడకుండా చేయడానికి అది తోడ్పడుతుంది.

చట్టం అన్నీ చక్కదిద్దుతుందని మీకు మాట ఇవ్వలేను. విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగియాలని పోక్సో చెబుతోంది. అన్ని చోట్లా అలా జరగడం లేదని మనకు తెలుసు. అనువాదకుల జాబితా ఉన్నా ఆ పూట మనిషి దొరకకపోవచ్చు. అయినా అడగాలి. ఎవరూ అడగని హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది.

"ఇంటి గుట్టు లంకకు చేటు" అని మన పెద్దలు చెప్పారు. ఇంటి మాట బయటికి పోతే ఇల్లు కూలుతుందని దాని భావం. ఈ నేరంలో మాత్రం నేరస్థుడు ఆ సామెత మీదే బతుకుతున్నాడు. వాడి పెట్టుబడి ఫొటో కాదు, అది ఎవరికైనా తెలుస్తుందేమోనన్న మన భయం. తల్లికి చెప్పుకోవడానికి బిడ్డ భయపడ్డప్పుడు వాడి బలం రెట్టింపవుతుంది. పోలీసులకు చెప్పడానికి తల్లి భయపడ్డప్పుడు ఇంకా పెరుగుతుంది. పిల్లను ఊరు మార్చినా ఆ బలం తగ్గదు. ఫోన్ నెల్లూరులోనూ మోగుతుంది.

ఆ తల్లి మరునాడు వస్తుందో రాదోనని ఉదయం నుంచి తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. పదకొండు దాటాక కూతురిని వెంటబెట్టుకొని వచ్చింది. నేను ముందుగా క్షమాపణ చెప్పి, తరువాత చట్టం చెప్పాను. అమ్మాయి ఒక్కటే అడిగింది: "నన్ను తిడతారా?" తిట్టరని చెప్పి, ముగ్గురం కలిసి వెళ్లాం. సాయంత్రం మామూలు చీరలో ఒక అధికారిణి వాళ్లింటికి వచ్చారు. అమ్మాయి తెలుగులో చెప్పింది, నేను తమిళంలో చెప్పాను. రాసినది మళ్లీ తెలుగులో చదివి వినిపిస్తే ఒకచోట ఆపి, "నేను అలా అనలేదు" అని దిద్దింది. ఆ దిద్దుబాటుతోనే ఆమె గొంతులో కొంత ధైర్యం వినబడింది. చెరిపివేసిన సంభాషణల వల్ల పని కష్టమయింది. కేసు న్యాయస్థానంలో ఉంది గనుక ఇంతకు మించి చెప్పకూడదు. జనన ధ్రువపత్రం మాత్రం అందింది. బడి మార్చడానికి కాదు, వయసు రుజువు చేసే కాగితాల కట్టలోకి చేరింది. అమ్మాయి ఇక్కడి బడిలోనే చదువుకుంటోంది.

మీ అందరికీ ఒక్క మనవి. ఈ రాత్రి అన్నాల దగ్గర మీ పిల్లలతో ఒక మాట అనండి: "ఫోన్‌లో ఎవరైనా నిన్ను భయపెడితే, నువ్వు ఏం పంపి ఉన్నా సరే, ముందు నాకు చెప్పు. నేను తిట్టను." చట్టం తన మాట ఇచ్చింది. మన మాట కూడా ఇస్తేనే బిడ్డ నోరు విప్పుతుంది.